ప్రాణం మీద బొమ్మా బొరుసా?

ఏ పెద్ద ఆస్పత్రికైనా రెండు వాకిళ్లు వుంటాయి. ఒకటి పగటి వాకిలి. చీటీ రాయించుకుని, బల్ల మీద కూర్చుని, వంతు వచ్చినప్పుడు లోపలికి వెళ్లేవాళ్లు ఆ దారిన పోతారు. రెండోది రాత్రీ పగలూ తెరిచే వుండే వాకిలి. వెనుకటి రోజుల్లో దాన్ని క్యాజువాలిటీ అనేవారు, ఇప్పుడు ఎమర్జెన్సీ అంటున్నారు. ఆ దారిన వచ్చేవాళ్లు చీటీ రాయించుకుని రారు. లారీ గుద్దినవాడు, మేడ మీదనుంచి పడినవాడు, పురుడు వచ్చాక నెత్తురు ఆగని తల్లి, జ్వరంతో ఒంటిమీద తెలివిలేని పసిబిడ్డ, వీళ్లంతా ఆ వాకిటినే వస్తారు. వెంట వచ్చినవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. డాక్టరుగారికి ఆలోచించడానికి వ్యవధి వుండదు.

ఇలాంటిచోట పరిశోధన కూడా జరుగుతుందంటే నమ్మడం కష్టం. పరిశోధన అనగానే మనకు గాజుగొట్టాలు, సూక్ష్మదర్శిని, నింపాదిగా తలవంచుకుని పనిచేసే శాస్త్రజ్ఞుడు కళ్లకు కడతారు. ప్రాణం పోయేవాడి మంచం పక్కన ప్రయోగమేమిటి? అందులోనూ వచ్చిన రోగుల్లో సగంమందికి మందూ, సగంమందికి ఉత్త ఉప్పునీళ్లూ ఇస్తారట! ఎవరికి ఏది ఇవ్వాలో బొమ్మా బొరుసా వేసినట్టు తేలుస్తారట! ఇది న్యాయమేనా?

ఈ ప్రశ్న ఏ తల్లికైనా, ఏ అన్నకైనా తోచేదే. తోచవలసిందే కూడా. కాని దీనికి ఎదురుప్రశ్న ఒకటి వుంది. ప్రయోగం చెయ్యకుండా ఇన్నేళ్లుగా ఇస్తున్న మందు మంచిదేనని ఎలా తెలిసింది? ఈ రెండో ప్రశ్న వేసుకోనందువల్ల ఎన్ని ప్రాణాలు పోయాయో తెలుసుకుంటే, మొదటి ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరుకుతుంది.

ముప్ఫై ఏళ్ల నమ్మకం

తలకు బలమైన దెబ్బ తగిలితే పుర్రె లోపల మెదడు వాస్తుంది. కాలో చెయ్యో వాస్తే పెరగడానికి చోటుంది. పుర్రె ఎముక గట్టిది గనక మెదడు వాపుకు చోటు లేదు. వాచినకొద్దీ తనను తానే నొక్కుకుంటుంది. చాలామంది మొదటి దెబ్బకు కాక, ఆ తరువాత వచ్చే ఈ ఒత్తిడికే చనిపోతారు.

స్టెరాయిడ్లనే మందులు వాపును తగ్గిస్తాయని అందరికీ తెలుసు. మెదడులో కంతి లేచినవాళ్లకు ఇస్తే దాని చుట్టూ వున్న వాపు తగ్గడం డాక్టర్లు కళ్లారా చూశారు. అటువంటప్పుడు దెబ్బ తగిలి వాచిన మెదడుకు మాత్రం ఎందుకు పనికిరాదు? తర్కం చక్కగా వుంది. అంచేత ముప్ఫై ఏళ్లకు పైగా ఎన్నో దేశాల్లో తలకు దెబ్బ తగిలినవాళ్లకు స్టెరాయిడు సూదులు వేస్తూ వచ్చారు. వేసినవాళ్లు కొత్తగా పట్టాపుచ్చుకున్నవాళ్లు కారు. చేయి తిరిగిన వైద్యులు, మంచి మనసుతోనే వేశారు.

చిన్న చిన్న పరీక్షలు కొన్ని జరగకపోలేదు. ఒకదానిలో మందు మంచిదన్నట్టు కనిపించేది, మరొకదానిలో కాదన్నట్టు కనిపించేది. 1997లో ఆ పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి లెక్క కట్టి చూశారు. తేలిందేమిటంటే, ఏమీ తేలలేదు. మందు మేలు చేస్తూ వుండవచ్చు, కీడు చేస్తూ వుండవచ్చు. రెండింటికీ వీలుంది.

వార్డులో కనిపించని తేడా

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం రావాలి. ముప్ఫై ఏళ్లపాటు వేలాదిమందికి ఇచ్చిన మందు మంచిదో చెడ్డదో ఇచ్చే డాక్టరుకే తెలియకపోవడమేమిటి?

ఒక లెక్క చూద్దాం. ఒక ఆస్పత్రికి ఏడాదికి తలదెబ్బతో నూరుమంది వస్తారనుకోండి. మందు ఇవ్వకపోతే వాళ్లలో పద్ధెనిమిదిమంది పోతారనుకుందాం. మందు ఇస్తే ఇరవైఒక్కమంది పోయారు. ఆ ముగ్గురూ మందువల్ల పోయారని ఎవరు కనిపెట్టగలరు? ఒక ఏడు వానలు ఎక్కువై రోడ్లు జారితే ముగ్గురు ఎక్కువ పోతారు. ఇంకో ఏడు కొంచెం తేలిక దెబ్బలు వస్తే నలుగురు తక్కువ పోతారు. పోయినవాడు తలదెబ్బతో పోయాడంటారుగాని మందుతో పోయాడనరు. బతికినవాడు మాత్రం డాక్టరుగారి చేతిచలవ వల్ల బతికానంటాడు. డాక్టరుగారూ అలాగే అనుకుంటారు. కాకి వాలిందీ, తాటిపండు పడిందీ. కాకి వాలబట్టే పండు పడిందనుకోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన గుణం.

వెయ్యిమందిని చంపినవాడు అరవైద్యుడని మనవాళ్లు ఎగతాళిగా అంటారు. ఇందులో ఎగతాళితో పాటు నిజమూ వుంది. నిజానికి వెయ్యిమంది కూడా చాలరు. నూటికి ముగ్గురి తేడా పట్టుకోవాలంటే పదివేలమంది కావాలి. అంతమంది ఏ ఒక్క డాక్టరుకూ, ఏ ఒక్క ఆస్పత్రికీ దొరకరు.

పెట్టెలో ఏముందో ఎవరికీ తెలియదు

ఈ చిక్కుకు విరుగుడు 1948 నాటికే వైద్యలోకానికి తెలుసు. యుద్ధం అయిన కొత్తలో ఇంగ్లండులో క్షయకు స్ట్రెప్టోమైసిన్ అనే కొత్త మందు బహు కొద్దిగా దొరికేది. అందరికీ ఇవ్వడానికి ఎలాగూ చాలదు. బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంకశాస్త్రవేత్త పూనికతో, ఎవరికి మందు ఇవ్వాలో ఎవరికి పాత పద్ధతిలో విశ్రాంతి మాత్రమే ఇవ్వాలో ముందుగానే అంకెల పట్టిక చూసి నిర్ణయించి, కవర్లలో పెట్టి అంటించారు. రోగి వచ్చాక కవరు విప్పాలి. డాక్టరు ఇష్టానికి తావు లేదు. మందు పనిచేస్తుందని నిస్సందేహంగా తేలింది.

చీట్లు వేసినట్టు ఎందుకు వెయ్యాలి? డాక్టరుకే వదిలేస్తే, బతికేలా కనిపించినవాడికి కొత్త మందూ, ఆశ లేనివాడికి పాత మందూ ఇస్తాడు. లేక అందుకు తిరకాసుగా చేస్తాడు. ఎలా చేసినా లెక్క చెడిపోతుంది. చీటీకి ముసలీ పడుచూ తెలియదు, బీదా గొప్పా తెలియదు. పదివేలమందికి చీట్లు వేస్తే రెండు జట్లూ అన్నివిధాలా సమానంగా వస్తాయి. వాటిమధ్య మిగిలే తేడా మందు ఒక్కటే.

1999లో లండను స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లోని ఇయన్ రాబర్ట్స్ బృందం ఈ పద్ధతినే తలదెబ్బల మీద ప్రయోగించింది. ఆ పరీక్షకు క్రాష్ అని పేరు. 49 దేశాల్లో 239 ఆస్పత్రులు చేరాయి. ఎమర్జెన్సీలో డాక్టరుకు కాగితాలు నింపే తీరిక వుండదు గనక ఏర్పాట్లన్నీ తేలికగా చేశారు. అంకెలు వేసిన మూసిన పెట్టెలు వార్డులో వుంటాయి. వాటిలో కొన్నిటిలో స్టెరాయిడు, కొన్నిటిలో దానిలాగే కనిపించే ఉత్త మందు. దెబ్బ తగిలి ఎనిమిది గంటలు దాటని రోగి వస్తే వరసలో తరువాతి పెట్టె తీసి విప్పడమే. అందులో ఏముందో రోగికి తెలియదు, నర్సుకు తెలియదు, డాక్టరుకు తెలియదు. మిగతా వైద్యమంతా ఎవరికైనా మామూలుగా జరగవలసిందే. ఆపరేషను కావలసినవాడికి ఆపరేషను, నెత్తురు కావలసినవాడికి నెత్తురు.

మొత్తం ఇరవైవేలమందిని చేర్చాలని సంకల్పం. కాని 2004 మే నెలలో, 10,008 మంది చేరేసరికి, పరీక్ష ఆపివేశారు. ఇలాంటి పరీక్షలకు వేరే ఒక పర్యవేక్షక సంఘం వుంటుంది. పెట్టెల గుట్టు తెలుసుకుని మధ్యమధ్య లెక్క చూసే అధికారం దానికి మాత్రమే వుంటుంది. లెక్క చూస్తే స్టెరాయిడు పడినవాళ్లలో రెండు వారాల్లోగా 1,052 మంది చనిపోయారు. ఉత్త మందు పడినవాళ్లలో 893 మంది చనిపోయారు. నూటికి 21.1 ఒకవైపు, 17.9 ఇంకోవైపు. మేలు చేస్తుందన్న మందు గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది!

ఆ రోజుతో తలదెబ్బలకు స్టెరాయిడు ఇచ్చే అలవాటుకు స్వస్తి చెప్పారు. ఒక్కసారి వెనక్కు తిరిగి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఈ పరీక్షలో ఉత్త మందు పడినవాళ్లే అదృష్టవంతులు. పరీక్షే లేకపోతే ఎంతోమందికి స్టెరాయిడు పడుతూనే వుండేది. ఆ ముప్ఫై ఏళ్లలో జరిగింది కూడా నిజానికి ప్రయోగమే. కాకపోతే లెక్క రాసుకోని ప్రయోగం, ఎవరి సమ్మతీ అడగని ప్రయోగం.

పెరటిచెట్టు మందు

ఇదే బృందం తరువాత పట్టుకున్న మందు కథ దీనికి సరిగ్గా ఎదురు. అది చెడ్డమందును మంచిదనుకున్న కథ. ఇది మంచిమందును ఎవరూ పట్టించుకోని కథ.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత జపానులో ఉటాకో ఒకమోటో, షోసుకే ఒకమోటో అనే దంపతులు పరిశోధనకు పూనుకున్నారు. దేశం చితికిపోయి వుంది. పరికరాలు లేవు, పైకం లేదు. నెత్తురు మీద పరిశోధన ఎందుకు ఎన్నుకున్నారంటే, ఎక్కడా దొరక్కపోతే తమ ఒంటిలోనిదే తీసుకోవచ్చునని! పసిపిల్లను చూసుకునేవాళ్లు లేక, ఉటాకోగారు బిడ్డను వీపున కట్టుకుని ప్రయోగశాలలో పనిచేసేది. ఒక సభలో తమ పరిశోధన గురించి చెప్పడానికి నిలబడితే, నాట్యం చెయ్యడానికి వచ్చావా అని మగవాళ్లు హేళన చేశారు. ఆమె లెక్కచెయ్యలేదు.

మన ఒంటికి గాయమైతే నెత్తురు గడ్డకట్టి రంధ్రం పూడుస్తుంది. ఆ గడ్డను తరువాత కరిగించే ఏర్పాటు కూడా శరీరంలోనే వుంది. పెద్ద దెబ్బలు తగిలినప్పుడు ఈ కరిగించే పని అదుపు తప్పి, కట్టిన గడ్డ కట్టినట్టే కరిగిపోతూ వుంటుంది. కుండకు వేసిన లక్క ఆరకముందే వూడిపోయినట్టు నెత్తురు కారుతూనే వుంటుంది. ఆ కరిగించే పనిని అడ్డగించే పదార్థాన్ని ఒకమోటో దంపతులు కనిపెట్టి 1962లో లోకానికి చెప్పారు. అదే ట్రనెక్సామిక్ ఆమ్లం.

కాన్పు తరువాత నెత్తురు ఆగక ప్రాణాలు పోయే తల్లులకు ఈ మందు ఇచ్చి చూడాలని ఉటాకోగారి కోరిక. కోబే నగరంలోని ప్రసూతి వైద్యులను ఎంత అడిగినా ఒప్పించలేకపోయింది. మందు మాత్రం బజారులోకి వచ్చింది. పన్ను పీకించుకున్నప్పుడు నెత్తురు ఆగని జబ్బువాళ్లకూ, నెలసరి ఎక్కువగా అయ్యే స్త్రీలకూ వాడుకలో నిలిచింది. చవక మందు, పాత మందు. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్నట్టు, ప్రాణాపాయంలో దీన్ని వాడి చూద్దామని దాదాపు యాభై ఏళ్లపాటు పెద్దయెత్తున ఎవరూ తలపెట్టలేదు. పేటెంటు తీరిపోయిన మందు మీద కోట్లు ఖర్చు పెట్టి పరీక్ష చేసే కంపెనీ ఏముంటుంది?

చివరికి బ్రిటిష్ ప్రభుత్వపు ఆరోగ్య పరిశోధన నిధి ముఖ్యమైన ఆధారంగా 2005లో రెండో క్రాష్ పరీక్ష మొదలయింది. 40 దేశాలు, 274 ఆస్పత్రులు, 20,211 మంది క్షతగాత్రులు. మన దేశపు ఆస్పత్రులు కూడా ఇందులో పాల్గొన్నాయి. మళ్లీ అవే పెట్టెలు, అదే గుట్టు. 2010లో లెక్క తేలింది. ఉత్త మందు పడినవాళ్లలో 1,613 మంది పోయారు. ట్రనెక్సామిక్ ఆమ్లం పడినవాళ్లలో 1,463 మంది పోయారు. అక్కరలేని చోట గడ్డలు కడతాయేమోనన్న భయం కూడా ఆ పరీక్షలో నిజం కాలేదు. మరుసటి ఏడు, 2011లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వాడుకకు మందును అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

ఉటాకోగారి కోరిక ఇంకా మిగిలే వుంది. 2010లో 'ఉమన్' అనే పేరుతో బాలింతల మీద పరీక్ష మొదలయింది. పాకిస్తాను, నైజీరియా మొదలుకొని 21 దేశాల్లో 20,060 మంది తల్లులు చేరారు. నెత్తురు పోయి చనిపోయినవాళ్లు ఉత్త మందు జట్టులో 191 మంది, మందు జట్టులో 155 మంది. ఫలితం 2017 ఏప్రిల్‌లో వెలువడింది. అంతకు సరిగ్గా ఏడాది ముందు, 2016 ఏప్రిల్‌లో, ఉటాకో ఒకమోటో 98వ యేట కన్నుమూసింది. తను కనిపెట్టిన మందు క్షతగాత్రులను బతికించిందని విన్నది. తల్లులను బతికించిందని మాత్రం వినలేదు.

గడియారం చెప్పిన మాట

రెండో క్రాష్ పరీక్ష లెక్కలను తిరిగి తరచి చూస్తే 2011లో ఇంకొక ముఖ్యమైన సంగతి బయటపడింది. దెబ్బ తగిలిన గంటలోగా మందు పడితే మేలు బాగా ఎక్కువ. మూడు గంటలదాకా మేలే. మూడు గంటలు దాటాక ఇస్తే నెత్తురు పోయి చనిపోయేవాళ్లు తగ్గకపోగా పెరిగారు. అదే మందు, అదే మోతాదు. తేడా అంతా గడియారంలో వుంది. తరువాత 2018లో నలభైవేలమంది లెక్కలు కలిపి చూస్తే, ప్రతి పావుగంట ఆలస్యానికీ మందువల్ల కలిగే మేలు పదోవంతు చొప్పున తరిగిపోతుందని తేలింది.

మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. కనుక ఈ పావుగంట లెక్క మనకు పరాయిది కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 వాహనాలను చూసి మనం సంతోషించేది అందుకే. దెబ్బ తగిలినవాడి చుట్టూ గుంపుగా చేరి పావుగంట మాట్లాడుకోవడం ఎంత ఖరీదైన పనో ఇప్పుడు అంకెలతో సహా తెలిసింది.

మంచి మందు అనిపించుకున్నది అన్నిచోట్లా మంచిది కావాలని లేదు. కడుపులో పుండు పగిలి నెత్తురు కక్కుకునేవాళ్లకు కూడా ట్రనెక్సామిక్ ఆమ్లం మేలు చేస్తుందని చాలామంది ఆశపడ్డారు. 12,009 మంది మీద పరీక్ష చేసి 2020లో ఫలితం ప్రకటించారు. మరణాలు తగ్గలేదు. పైగా సిరల్లో గడ్డలూ, ఫిట్లూ కొంచెం ఎక్కువయ్యాయి. పేరున్న మందును కూడా కొత్త చోట మళ్లీ పరీక్షకు నిలబెట్టవలసిందే.

నీళ్లు కూడా మందే

ఇంకొక కథ మరీ విచారకరమైనది, అంతకంటే ముఖ్యమైనదీ. ఒళ్లు కాలిపోయే జ్వరంతో, చేతులూ కాళ్లూ చల్లబడి ఆస్పత్రికి వచ్చే పసిబిడ్డకు సిరలోకి త్వరత్వరగా ద్రవం ఎక్కించాలని పుస్తకాలన్నీ చెప్పేవి. దీనిమీద ఎవరికీ అనుమానం లేదు. ద్రవం ఎక్కిస్తే ఒళ్లు వెచ్చబడుతుంది, నాడి నిలుస్తుంది. కళ్లకు కనిపించే మేలు!

కాత్రిన్ మెయిట్‌లండ్ అనే డాక్టరు నాయకత్వాన కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లలతో దీన్ని పరీక్షించారు. వాళ్లలో సగానికి పైగా మలేరియా పిల్లలు. ఒక జట్టుకు ఆల్బుమిన్ ద్రవం వేగంగా, ఒక జట్టుకు సెలైను వేగంగా, మూడో జట్టుకు వేగంగా ఏమీ ఎక్కించకుండా మామూలు ధారగా మాత్రమే. నలభైఎనిమిది గంటల్లో మొదటి జట్టులో నూటికి 10.6, రెండోదానిలో 10.5, మూడోదానిలో 7.3 వంతున చనిపోయారు. 2011 జనవరిలో పరీక్ష ఆపివేశారు. కళ్లకు కనిపించిన మేలు వెనకాల కళ్లకు కనిపించని కీడు దాగివుంది. (వాంతులూ విరేచనాలై నీరసించిన పిల్లలను ఈ పరీక్షలో చేర్చలేదు. వాళ్లకు పోయిన నీరు భర్తీ చెయ్యవలసిందే. ఇంట్లో తల్లులు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పట్టడం మానరాదు.)

సంతకం ఎవరు పెట్టాలి?

ఇక మనం మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. స్పృహ లేనివాణ్ణి అడిగేదెట్లా? అడక్కుండా చేర్చడం న్యాయమా?

నాజీ జర్మనీలో ఖైదీల మీద జరిగిన ఘోరాల తరువాత, 1947లో, మనిషి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే అతనిమీద ప్రయోగం చెయ్యాలన్న సూత్రం నురెంబర్గు న్యాయస్థానం తీర్పుతో స్థిరపడింది. 1964లో ప్రపంచ వైద్యసంఘం హెల్సింకీలో చేసిన ప్రకటన డాక్టర్లకు దారి చూపింది. సామాన్యంగా రోగి సంతకం కావాలి. రోగికి తెలివి లేకపోతే అతని తరఫున మాట్లాడే హక్కున్న ఆప్తులది కావాలి. ఆప్తులు లేరు, వ్యవధి లేదు, ఆ జబ్బును అలాంటి స్థితిలో తప్ప పరీక్షించే వీలు లేదు. అప్పుడు ఏం చెయ్యాలి? అటువంటి సందర్భంలో ముందుగానే ఎథిక్స్ కమిటీ తరచి చూసి అనుమతించి వుంటే రోగిని చేర్చవచ్చు. తెలివి వచ్చాక అతణ్ణిగాని, ఆప్తులు రాగానే వాళ్లనుగాని అడిగి తీరాలి. వద్దంటే అక్కడితో మానెయ్యాలి.

దీనిమీద పెద్దలలోనే వాదోపవాదాలున్నాయి. కన్నీళ్లు తుడుచుకుంటున్న భార్య చేతికి నాలుగు పేజీల కాగితం ఇచ్చి చదవమనడం సమ్మతి అనిపించుకుంటుందా? ఆ కాగితం కోసం గడిచిపోయే కాలంలో మందు బలం తరిగిపోతే ఆ పాపం ఎవరిది? క్రాష్ పరీక్ష చేసినవాళ్లే ఈ ప్రశ్న వేశారు. అటువైపువాళ్లు అనేదేమంటే, తొందర పేరుతో గడపలు ఒక్కొక్కటే తీసేస్తూపోతే చివరికి బీదవాడి ఒళ్లు ఎవరికైనా లోకువైపోతుంది. రెండు మాటల్లోనూ నిజం వుంది.

ఇంగ్లండులో ఒక తమాషా ఏర్పాటు చేశారు. గుండె ఆగిపోయినవాళ్లకు అంబులెన్సులో ఎడ్రినలిన్ సూది వేస్తే లాభమా నష్టమా అని 2014 నుంచి 2017 వరకు 8,014 మంది మీద పరీక్షించారు. గుండె ఆగినవాణ్ణి అడగడం ఎవరి తరమూ కాదు. అందుకని పరీక్ష సంగతి ఊరూరా ముందే ప్రకటించారు. ఇష్టంలేనివాళ్లు అడిగితే చేతికి వేసుకునే ఉక్కుకడియం పంపారు. అది చూస్తే అంబులెన్సువాళ్లు పరీక్ష జోలికి పోరు. ఫలితం 2018లో వచ్చింది. సూది పడినవాళ్లలో నెల రోజులకు నూటికి 3.2 మంది, పడనివాళ్లలో 2.4 మంది బతికి వున్నారు. కాని సూది పడి బతికి ఇంటికి చేరినవాళ్లలో మెదడు బాగా దెబ్బతిన్నవాళ్లు మూడోవంతుకు దగ్గరగా వున్నారు. రెండో జట్టులో ఐదోవంతు కూడా లేరు. నాడి తిరిగి కొట్టుకోవడమూ, మనిషి తిరిగి రావడమూ ఒకటి కాదన్నమాట.

మన తెలుగునాట ఈ విషయంలో అనుమానం వుండడానికి కారణం లేకపోలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో వేలాదిమంది బాలికలకు గర్భాశయ ముఖద్వారపు కాన్సరును అరికట్టే టీకాలు వేసినప్పుడు, హాస్టళ్లలో వుండే గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని తేలింది. 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపివేశారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం గట్టిగా తప్పుపట్టింది. పిల్లల మరణాలకు టీకా కారణమని విచారణలో రుజువు కాలేదు. అయినా సంతకం విషయంలో జరిగిన తప్పు తప్పే. ఆ తప్పు మంచి టీకా మీద కూడా అపనమ్మకం పుట్టించింది.

మనల్ని అడిగితే?

ఇప్పుడు మన దేశంలో 2017 నాటి భారత వైద్య పరిశోధనామండలి నియమాలూ, 2019 నాటి కొత్త ఔషధాల పరీక్షల నిబంధనలూ వున్నాయి. మందుల పరీక్ష ఏదైనా మొదలుపెట్టే ముందు దేశీయ రిజిస్టరులో నమోదు కావాలి. పరీక్షవల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, పరిహారం ఇవ్వాలి.

ఏదో ఒక రాత్రి, మనవాడెవరో లోపల మంచంమీద వుండగా, ఒక యువ డాక్టరు బయటికి వచ్చి, "అమ్మా, ఇక్కడ ఒక పరిశోధన జరుగుతోంది, మీవారిని చేర్చుకోమంటారా?" అని అడగవచ్చు. కంగారుపడి కోప్పడనక్కరలేదు, తలవూపి సంతకం పెట్టేయనూ అక్కరలేదు. నాలుగు మాటలు అడిగితే చాలు. ఈ పరీక్షలో చేరినా చేరకపోయినా మామూలు వైద్యం పూర్తిగా జరుగుతుందా? పోల్చి చూసే రెండింటిలో ఏది మంచిదో నిజంగా మీకు తెలియదా? దీన్ని ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా? మధ్యలో వద్దనుకుంటే మానుకోవచ్చా?

వీటిలో రెండో ప్రశ్న గొప్పది. నిజమైన పరిశోధకుడు దానికి "తెలియదమ్మా, తెలియకనే చేస్తున్నాం" అని నిర్మొహమాటంగా జవాబు చెబుతాడు. తెలిసి కూడా ఒక జట్టుకు మంచి మందు ఎగ్గొట్టేవాడైతే అతనిది పరిశోధన కాదు, ద్రోహం. మొదటి క్రాష్ పరీక్ష ఆ కారణంగానే సగంలో ఆగింది. తెలిసిన మరుక్షణం పెట్టెలు మూసేశారు.

డాక్టరు నోట "తెలియదు" అన్న మాట వింటే మనకు గుండె జారుతుంది. వైద్యుణ్ణి నారాయణుడితో పోల్చిన దేశం మనది. దేవుడికి తెలియనిదేమిటని మన భావన. కాని తలదెబ్బ తగిలినవాళ్లను ముప్ఫై ఏళ్లు నష్టపెట్టింది తెలియదన్న మాట కాదు, తెలుసునన్న ధీమా. ఈనాడు ఎమర్జెన్సీ వార్డులో గాయపడ్డ కుర్రవాడి చేతికి గబగబా ఎక్కిస్తున్న ఆ చవక మందు వెనకాల, పేర్లు కూడా తెలియని 20,211 మంది వున్నారు. వాళ్లలో సగంమందికి పడింది ఉత్త మందే. లెక్కకు ఆ సగమూ కావలసి వచ్చింది. ఆ కుర్రవాడి ఇంట్లోవాళ్లు వాళ్లకు కూడా ఋణపడి వున్నారు.